ముసలి తుఫానుతో పందెం

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ కొట్టు ఆవిడ బకెట్టుకున్న తాడు విప్పి, నీళ్ళు పట్టి, మళ్ళీ కొళాయికి కట్టేసింది. ఆ ఇంట్లో కట్టకుండా వదిలిన వస్తువంటూ లేదు. కుర్చీలు బల్లకి, బల్ల కిటికీకి, ఆఖరికి మొగుడి కళ్ళజోడు మొగుడి మెడకి. వెనకటి తుఫానులో మూడేళ్ళ కూతుర్ని నడుముకి కట్టుకుంటే ముడి ఊడిపోయింది. పిల్ల రెండు వీధుల అవతల నీళ్ళ ట్యాంకు మీద నవ్వుతూ దొరికింది. తల్లికి పోయిన ధైర్యం మాత్రం దొరకలేదు.

ఆ పిల్లే ఇప్పుడు ఉడత. అందరూ అలాగే పిలుస్తారు. ఫోన్ టవర్లెక్కి బాగుచేసే పని దొరికింది, సాయంత్రమే బస్సు. తల్లేమో బ్యాగుని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని రుమాలు కొసన మూటగట్టి నడుముకి దోపుకుంది.

"ఇవ్వవే అమ్మా!"

"తుఫాను పార్కుకి పద. నీ నడుముకి నువ్వే ముడి వేసుకో. ఆ ముసలి తుఫాను విప్పిందా, నోర్మూసుకుని ఇంట్లో ఉండు. విప్పలేకపోతే వెళ్ళు."

"అది విప్పని ముడి ఉంటుందటే?" అన్నాడు తండ్రి. "మొన్న నా పైజామా బొందు లాగి, నలుగురిలో పరువు తీసింది!"

ఇళ్ళు కొట్టుకుపోయిన చోటే ఆ పార్కు. పోయినవాళ్ళ పేర్లు రాతిగోడ మీద చెక్కారు. ఆనాటి తుఫాను కూడా ఎటూ పోకుండా అక్కడే ముసలిదైపోయింది. పొద్దున పేర్ల మీద దుమ్ము ఊదుతుంది, తర్వాత పిల్లల్ని ఎత్తి ఆడిస్తుంది.

"చెప్పులు చేత పట్టుకోండి! మళ్ళీ నన్నడగొద్దు!" గేటు దగ్గర కాపలాదారు గొంతు చించుకుంటున్నాడు.

ఉడత తాడు ఒక కొస ఇనపస్తంభానికి, రెండోది నడుముకి బిగించింది. అంతే! గాలి రయ్యిమని వచ్చి పిల్లని గాలిపటంలా లేపింది. బూట్ల లేసులు ఊడాయి, బెలూన్లు తెగాయి, తండ్రి కళ్ళజోడు ఎగిరిపోయింది. జనం కేకలు, ఈలలు! తుఫాను ఉడత ముడిని పట్టి గుంజింది, మెలేసింది, ఊది ఊది ఆయాసపడింది. తాడు కిర్రుమంది.

"విప్పకే ముసలిదానా! చెయ్యి తియ్యి దాని మీంచి!"

అరిచిందెవరా అని జనం తిరిగి చూశారు. ఇస్త్రీ కొట్టు ఆవిడే. తన గొంతు తనకే కొత్తగా వినిపించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గాలి ఒక్క క్షణం ఆగింది. నెమ్మదిగా దిగి, ఆవిడ నడుము దగ్గరున్న రుమాలు ముడి విప్పింది. తాళంచెవి గిరగిరా తిరుగుతూ పైకెళ్ళి ఉడత అరచేతిలో పడింది.

"ఆ ముడి ఎక్కడ నేర్చావే?" పిల్ల కిందికి దిగాక అడిగింది తల్లి.

"నీ దగ్గరేనమ్మా. బళ్ళో రోజూ నా టిఫిన్ డబ్బా విప్పుకోలేక చచ్చేదాన్ని. సగం పీరియడు దానికే సరి!"

సాయంత్రం బస్సులో తల్లి అలవాటు కొద్దీ బ్యాగుని సీటుకి కట్టబోయింది. తాడు రెండు చుట్లు తిప్పి ఆగిపోయింది. కొస కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టుకో," అని బస్సు దిగింది.