నీళ్లు దాటని సంచి

సముద్రం ఎవరిదన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. భూమినీ సముద్రాన్నీ దేవుడే చేశాడని రోజూ ప్రార్థనలో చెప్పుకుంటాను. మా లనాయి ద్వీపంలో నేల దాదాపు అంతా ఒక్క యజమానిదే, అది అర్థమైంది. కానీ మాకూ పక్కనున్న మావీ ద్వీపానికీ మధ్య ఉన్న ఆ కాస్త నీళ్లు?

నా భార్య హొనొరాతాకి ఎముకల్లో నొప్పి. ఆమెకి గంజాయిని మందుగా వాడుకోవచ్చని సర్కారు ఇచ్చిన కార్డు ఉంది, తెచ్చిపెట్టేవాడిగా నా పేరు రాశారు. మా ద్వీపంలో ఆ మందు అమ్మే కొట్టు లేదు. అందుకని ఉదయం పడవెక్కి మావీ వెళ్లి కొన్నాను. కొట్టులో అమ్మాయి నియమాల కాగితం ఇచ్చింది. సంచి మూసే ఉండాలి. బండిలో చేతికి అందకూడదు. ఇల్లు చేరేదాకా విప్పకూడదు. ద్వీపం దాటించకూడదు.

"మా ఇల్లు నీళ్లకి అవతలుందమ్మా," అన్నాను.

"అందరూ బట్టల్లో దూర్చుకుని పోతారు, అంకుల్. మీరు అడగలేదు, నేను వినలేదు."

రేవు నుంచి హొనొరాతాకి ఫోన్ చేసి చెప్పాను.

"ఇరవై ఏళ్లు అనాసపళ్లు కోసిన నడుము ఇది," అంది. "దాని మందు నువ్వు నిక్కర్లో దాచుకుని తెస్తే నేను ముట్టను."

అందుకే సంచి చేత్తో పట్టుకుని పడవ దగ్గర నిలబడ్డాను. టిక్కెట్లు చూసే లియాండ్రో మా వీధివాడే.

"అంకుల్, దాన్ని ఆ బియ్యం బస్తా కిందకి తోసెయ్యండి. నేను చూడలేదు."

"చూడు. చూడాలనే పట్టుకున్నాను."

"చూస్తే ఎక్కించకూడదు."

"అయితే ఎక్కించకు. నొప్పి మందు ఆపానని రాసి సంతకం పెట్టు."

"నన్నెందుకు చంపుతారు?"

"నిన్ను కాదు నాయనా. ఎవరో ఒకరి సంతకం ఉండాలి కదా."

పడవ వెళ్లిపోయింది. తిరిగి కొట్టుకి నడిచాను. డబ్బు వెనక్కి ఇవ్వరట. ఆ అమ్మాయి సంచిని పారేసే డబ్బాలో వేస్తూ నా ముఖం చూడలేదు. సాయంత్రం పడవకి ఉత్త చేతులతో వచ్చాను. లియాండ్రో నా టిక్కెట్టు తీసుకుని, దాని వెనక నొప్పి మందు ఆపానని రెండు ముక్కలు గిలికి, సంతకం పెట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆ టిక్కెట్టుని గేటుకి మేకుతో కొట్టాను, వీధంతా చదవాలని. హొనొరాతా కిటికీలోంచి చూసి, "వంకరగా కొట్టావు," అంది. మంచం మీద అటు తిరిగి పడుకుంది. సరైన పని చేశానో లేదో ఆ క్షణంలో నాకు తెలియలేదు.

మొదట చదివింది పక్కింటి యుఫీమియా అక్క. చర్చిలో నా ముందు బెంచీ ఆమెది. ఇరవై రెండేళ్ల క్రితం మా మునగచెట్టు కొమ్మ అడిగి పట్టుకెళ్లి, బదులుగా ఒక మొక్క ఇస్తానంది. ఇవ్వలేదు. ఆ కొమ్మ చెట్టై మా కంచె మీదకే వాలింది. ఆకు కోసినప్పుడల్లా హొనొరాతా ఆమెని దెప్పుతూనే ఉంటుంది.

అక్క లోపలికి వెళ్లి, కాఫీ డబ్బాలో పూతకొచ్చిన మొక్కతో వచ్చింది. కంచె మీంచి నా చేతుల్లో పెట్టింది.

"ఇది..." అన్నాను.

"నాకూ కార్డుంది, కళ్లకి. పదేళ్లుగా మా పెరట్లో ఇవి చూసి టమాటాలనుకుంటున్నావు. ఒక్క కాయైనా చూశావా, తమ్ముడూ?"

ఇలా ఇచ్చిపుచ్చుకోవడం గురించి కొట్టువాళ్ల కాగితంలో ఏముందో చదవడానికి కళ్లజోడు పెట్టుకోలేదు. మొక్క నీళ్లు దాటలేదు, కంచె దాటిందంతే.

"హొనొరాతాకి చెప్పు," అంది అక్క, వెనక్కి తిరుగుతూ. "మునగకొమ్మకి చెల్లు."