వదినమ్మ రేడియో

నేను పాలు పితుకుతుండగానే కోర్టు అమీనా మా దొడ్లోకి వచ్చాడు. నెల్లూరు రేడియో షాపువాళ్ళు వాయిదాలు కట్టలేదని దావా వేసి గెలిచారట, మా సొత్తు జప్తు చేయాలట. మా వాకాడు ఇంట్లో జప్తుకు ఏముంది? అతని చూపు బర్రె మీద పడింది. "మా ఇంట్లో రేడియో లేదు బాబూ" అన్నాను. నిజంగానే లేదు. మా ఆయన వాయిదాల మీద కొని వాళ్ళ వదినమ్మకిచ్చాడు. అది నెల్లూరులో, ఆ వదినమ్మ, అంటే మా తోడికోడలు రెబెక్కమ్మ ముందుగదిలో, అల్లిక గుడ్డ కప్పుకుని కూర్చుంది.

తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆమె మిషను బళ్ళో టీచరమ్మ. మా ఆయన హెబ్రోనుకు ఆమె దగ్గినా ముద్దే. "వదినమ్మ ఎంత పద్ధతిగా మాట్లాడతాదో చూసినావా? నువ్వూ ఉండావు, ఎప్పుడూ పేడ వాసన." పేడ ఎత్తేదాన్ని, సెంటు వాసన ఎక్కణ్ణించి తేను? క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు ఆ రేడియోను తన పైపంచెతో తుడిచాడు. వదినమ్మ అడిగిన స్టేషను దొరికేదాకా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చర్చిలో ఈయన అంతసేపు మోకరించగా నేను చూడలేదు. నేను వంటింట్లో చేపలు తోముతూ పాట విన్నాను. వాళ్ళ మధ్య చెడ్డ ఏమీ లేదని నాకు తెలుసు. ఉన్నా బాగుండేది, వీధిలోకొచ్చి అరిచేదాన్ని. వట్టి మర్యాదను చూసి ఏమని ఏడవను? కుళ్ళు అంటారా? అవును, కుళ్ళే.

అమీనా బర్రెను జప్తు కింద రాసుకుని వెళ్ళాక, "ఆ రేడియో తెచ్చి షాపోళ్ళ మొహాన కొట్టు" అన్నాను.

"ఇచ్చిన వస్తువు ఎట్ట అడిగేది మే? వదినమ్మ ఏమనుకుంటాది?"

నేనేమనుకుంటానో ఏనాడూ అడిగిన మనిషి కాదు.

మా వకీలే ఉపాయం చెప్పాడు. బర్రె మా అమ్మ నాకిచ్చినది కాబట్టి, నాదని నేను కోర్టులో చెబితే వదిలేస్తారట. గూడూరు బస్సులో దారంతా హెబ్రోను ఒకటే పాఠం. "మాది అనబాక. నాది అను. గుర్తుందా?" పెళ్ళయ్యాక నా నోట పలకని మాట అది. మా ఇల్లు, మా గొడ్డు, మా పొయ్యి. నేనొక్కదాన్నే మోసే కడవ కూడా మా కడవే.

కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను.

"బర్రె ఎవరిదమ్మా?" అన్నాడు షాపు వకీలు.

"మాదే" అనేశాను.

ఆయన నవ్వాడు. "మాది అంటే మీ ఆయనది కూడా, అంతేగా?"

హెబ్రోను మొహం పాలిపోయింది.

"కాదండీ. మా అమ్మ నాకిచ్చింది. నాది."

"మరి పాల డబ్బు ఎవరు తీసుకుంటారు?"

ప్రతి శనివారం కాఫీ హోటలు పోలేరయ్య ఇచ్చే డబ్బు హెబ్రోను జేబులోకే పోతుంది. రేడియోకి కట్టిన మొదటి వాయిదా కూడా అందులోదే. హెబ్రోను నా నోటి వంకే చూస్తున్నాడు, రేడియో దగ్గర వదినమ్మ వంక చూసినట్టు. అబద్ధం ఆడనని దేవుడికి చెప్పింది ఇప్పుడే.

"నేనే" అన్నాను.

బర్రెను వదిలేశారు. తిరుగు బస్సులో పకోడీలు కొనిపెట్టి, "నువ్వెంత బాగా మాట్లాడినావో వదినమ్మకి చెప్పాల" అన్నాడు. నన్ను మెచ్చుకోవడానికి కూడా ఆమే కావాలి. పకోడీల పొట్లం తిరిగి ఆయన ఒళ్ళోనే పెట్టాను.

శనివారం పోలేరయ్య డబ్బు తెచ్చాడు. హెబ్రోను చెయ్యి చాచాడు. నేను ముందుకెళ్ళి కొంగు పట్టాను.

"ఇటియ్యన్నా."

"ఏందిమే ఇది?" అన్నాడు హెబ్రోను.

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పినానే, పాల డబ్బు నేనే తీసుకుంటానని. అది అబద్ధమయితే నరకానికి పోయేది నేను గదా."

పోలేరయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా కొంగులోనే వేశాడు. అతను వీధి దాటేదాకా ఆగి హెబ్రోను గొంతు తగ్గించాడు.

"మరి షాపోళ్ళకి ఏం కట్టేది? రేడియో బాకీ అట్నే ఉండాదే."

కొంగు ముడి వేసి బొడ్లో దోపుకున్నాను.

"రేడియో నాది కాదయ్యా."