మారెమ్మ చూసిన పాలపిట్ట

నిజాం సర్కారు సర్వే శాఖలో ఇరవై ఆరేండ్లు భూములు కొలిచి, పింఛను పుచ్చుకుని, మోత్కూరు పక్కనున్న సొంత ఊరికి చేరుకున్నప్పుడు లియాఖత్ అలీ వెంట అపురూపంగా తెచ్చుకున్నది ఒక్క ఇత్తడి దుర్భిణి. మూస్తే జానెడు, లాగితే మూరెడు. షేర్వాణీ జేబులో ఒదిగిపోయేది. తెల్లవారి నమాజు కాగానే దానితో ఊరి వెనుక గుట్ట ఎక్కి పిట్టలను చూసేవాడు.

దుర్భిణి గొట్టం మీద ఒక గీత గీసి పెట్టుకున్నాడు. అంతవరకు లాగితే దూరపు పిట్ట ఈక ఈకగా విడివడి కనబడుతుంది. చూస్తామని అడిగిన ప్రతివారికీ గీత దాటించవద్దని చెప్పేవాడు. గీత దగ్గర కూడా మసకగానే ఉందన్నవారిని చూపు తక్కువవాళ్లుగానో, ఓపిక తక్కువవాళ్లుగానో జమకట్టేవాడు. కొలత ఎక్కడైనా ఒకటే, తేడా మనుషుల్లోనే ఉంటుందని ఆయన నమ్మకం.

గుట్ట మీద ఆయనకు తోడు మారెమ్మ. బర్రెకు గడ్డి కోసుకోవడానికి వచ్చేది. అరవై దాటినా బండల మీద అడుగు తడబడదు.

"సాబ్, ఎడమ దిక్కు పొదల కౌజు కూస్తాంది. అటు తిప్పుర్రి" అనేది, కొడవలి ఆపకుండానే.

దుర్భిణి అటు తిప్పితే కౌజుపిట్ట అక్కడే ఉండేది. ఆమె చెవి, ఆయన కన్ను ఒక్కటైతే ఆ గుట్ట మీద దాక్కోగల పిట్ట లేదు.

దసరాకు నాలుగు రోజుల ముందు మారెమ్మ కొడవలి పక్కన పెట్టి, బండ మీద కూర్చున్నది.

"సాబ్, ఒక్క ముచ్చట. ఎవలకు చెప్పద్దు."

"చెప్పు మారెమ్మా."

"మూడు దసరాలాయె, నాకు పాలపిట్ట కనవడక. అందరు 'గదిగో' అంటరు, దండం వెడ్తరు. నేను గూడ వెడ్త, ఉత్త ఆకాశానికి."

దసరా సాయంత్రం పొలిమేర దాటి పాలపిట్టను కండ్లారా చూస్తేనే ఆ ఏడు కలిసివస్తుందని అక్కడి నమ్మిక. చూడకుండానే చూశానన్న అబద్ధం ఆమెను మూడేండ్లుగా లోలోపల కొరుకుతున్నది. నిజం చెబుదామంటే నమ్మేవారు లేరు. బియ్యంలో సన్నని మెరిగె రాయి కూడా ఆమె చేతిని తప్పించుకోదు. సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కిస్తుంది. చేతికందేదంతా స్పష్టం, దూరమైనదంతా మంచు.

"ఈసారి నువ్వు చూస్తావు" అన్నాడు లియాఖత్ అలీ. మాట ఇచ్చిన తరువాతగానీ దాని బరువు ఆయనకు తెలియలేదు.

పండుగ నాడు మారెమ్మ వాడకట్టు జనం పొలిమేర దాటి జొన్నచేల గట్టు మీదికి చేరారు. అందరికంటే ముందు ఆమె మరిది భీమయ్య ఉన్నాడు. దుర్భిణితో వచ్చిన లియాఖత్ అలీ మారెమ్మ పక్కన నిలబడ్డాడు.

"గదిగో! ఎండిన తుమ్మ కొన మీద!"

అన్ని చేతులూ ఒక్కసారిగా జోడయ్యాయి. మారెమ్మ చేతులు మాత్రం లేవలేదు.

"ఏంది వదినె, దండం గూడ కిరాయికి తేవాల్నా?" అన్నాడు భీమయ్య.

"నాకు కనవడలె భీమయ్యా. మూడేండ్ల సంది కనవడలె."

"మెరిగెలేరే కండ్లకు గంత పిట్ట కనవడదా? మా అన్న ముందల గూడ గిట్లనే నాటకాలాడేదానివి!"

జనం గొల్లున నవ్వారు. లియాఖత్ అలీ దుర్భిణిని గీత వరకు లాగి, ఆమె చేతికిచ్చి, ఆనించుకోవడానికి తన భుజం చూపాడు.

"పొగ, సాబ్."

తీసుకుని తాను చూశాడు. పిట్ట స్పష్టంగా ఉన్నది. అద్దం తుడిచి మళ్లీ ఇచ్చాడు.

"పొగనే."

చూపు తక్కువవాళ్ల జాబితాలో ఇంకొక పేరు. కానీ ఈ పేరు చేర్చడానికి ఆయనకు మనసు రాలేదు. ఆ గీత ఎవరి కంటికి గీసింది? తన కంటికే. ఇన్నేండ్లూ లోకానికి కొలత అనుకున్నది తన కంటి కొలత మాత్రమే. ఆ ఆలోచనకు సిగ్గు కలగవలసింది. కలిగింది కూడా. అయితే దాని వెంటే, బరువు దించుకున్నవాడికి కలిగే సంతోషం కూడా కలిగింది.

"గీత సంగతి విడువు మారెమ్మా. గొట్టాన్ని మెల్లగా లోపలికి నూకు. నీకు ఎక్కడ మంచిగుంటే అక్కడ ఆపు."

సూదికి దారం అందించినంత నెమ్మదిగా ఆమె గొట్టాన్ని జరిపింది. గీత దాటి అరవేలెడు లోపలికి పోయాక చెయ్యి ఆగింది.

"అవ్వో!"

"కనవడ్డదా?" భీమయ్య గొంతులో వెటకారం లేదు.

"గొంతు మీద పచ్చబొట్టు పొడిచినట్టు గీతలున్నయిరా! ఎద మీద ఇటుక రంగు. నీలంది, నీలంది అంటరు గని, గీ ముచ్చట మీరెవలన్న చెప్పిండ్రా నాకు?"

ఏటేటా దండం పెట్టినవారిలో ఆ గీతలు చూసినవారు ఒక్కరూ లేరు. లియాఖత్ అలీ వందసార్లు చూశాడు. అవి పచ్చబొట్టులా ఉన్నాయని మాత్రం ఒక్కసారీ తోచలేదు. అలవాటుగా దుర్భిణి కోసం చాచిన చేతిని ఆయన మెల్లగా వెనక్కు తీసుకున్నాడు.

"అద్దంల సూస్తే సూసినట్టు గాదు" అంటూనే భీమయ్య వదినె వెనకకు వచ్చి నిలబడ్డాడు. "ఇటియ్యి, జర నేను సూస్త."

"నీ కండ్లు మంచిగున్నయి గద. గట్లనే సూడు."

ఈసారి నవ్వులు భీమయ్య మీద పడ్డాయి. అతని వెనక ఒకరొకరుగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు వరుస కట్టారు.

"వదినె, పొద్దు గూకుతాంది. ఇంతమంది సూడాలె. సాలు, ఇయ్యి."

"ఆగుర్రి" అన్నది మారెమ్మ, కన్ను తీయకుండానే. "ముక్కుల మిడత ఉన్నది. కొమ్మకేసి కొడతాంది. ఇంక మింగలె."