తేజేష్ దొరకని మధ్యాహ్నం

రోజూ పొద్దున హిమజ చేసే పనికి నాకు ఒళ్ళు మండేది. ఉప్పల్‌లో బట్టల షోరూంలో ఉద్యోగం ఆ పిల్లకి. రెండున్నరేళ్ళ కొడుకు తేజేష్‌ని నాచారంలో మా ఇంటికి తెచ్చి, కళ్ళు మూసుకో, అమ్మ దాక్కుంటుంది అని చెప్పేది. వాడు కళ్ళు మూసుకోగానే చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాటేసేది. వాడు తలుపుల వెనకా, పరదాల వెనకా వెతుక్కుంటూ తిరిగేవాడు. సాయంత్రం దాకా ఆ అమ్మ దొరకదు.

నేనా, పిల్లల్ని సాకడంలో తల పండిన దాన్ని. చుట్టుపక్కల ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ పిల్లల్ని ఇంట్లోనే చూసుకుంటాను. చెప్పి వెళ్ళు, ఏడిస్తే నా పాట్లు నేను పడతానని హిమజకి ఎన్నిసార్లు చెప్పానో. వింటేనా! పనికి బయల్దేరేటప్పుడు పిల్లాడు ఏడిస్తే మంచిది కాదని వాళ్ళత్త చెప్పిందట. శకునం కోసం కన్నకొడుకుని రోజూ మోసం చేస్తావా తల్లీ అంటే, "జర అలవాటైతడు లే ఆంటీ" అని నవ్వేసింది.

ఆ రోజు నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. నాకు సాయం చేసే రాములమ్మ గేటు బార్లా తీసి, సంపు మూత జరిపి, పైపు వేయించింది. నేను లోపల పిల్లలకి అన్నాలు పెట్టి, వాళ్ళ చేతే బొమ్మలు బుట్టలో వేయించి, చాపలు పరిచాను. ఆట మాన్పించి పడుకోబెట్టడం మాటలు కాదు. ఒకళ్ళని జోకొడితే ఇంకొకళ్ళు లేస్తారు. అందరూ సర్దుమణిగాక చూస్తే తేజేష్ చాప ఖాళీ.

బాత్రూం చూశాను. వంటిల్లు చూశాను, మంచం కింద చూస్తే బొంతల మూటే ఉంది, మేడ మెట్లెక్కి చూశాను. లేడు. ట్యాంకర్ వెళ్ళిపోయింది. గేటు తీసే ఉంది. సంపు మూత పక్కనే పడుంది.

సంపులోకి టార్చి వేస్తే నిండా నల్లటి నీళ్ళు. బూజుకర్ర తెచ్చి కలియదిప్పాను. ఏదో మెత్తగా తగిలింది. పైకి తీస్తే పాత గోనెగుడ్డ. దేవుడా, నన్ను తీసుకుపో, పిల్లాణ్ణి ఇచ్చెయ్యి అని పైకే అనేశాను. రాములమ్మ మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి వట్టి చేతులతో తిరిగొచ్చింది.

హిమజకి ఫోన్ చేశాను. పిల్లాడు కనిపించడం లేదని మాత్రం చెప్పగలిగాను. ఆటో దిగుతూనే తేజూ, తేజూ అని సందు అదిరేలా పిలుస్తూ వచ్చింది. ఎక్కడా పలుకు లేదు. తెరిచి ఉన్న సంపునీ, నా చేతిలో తడి కర్రనీ చూసి అక్కడే కూలబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, ఆ మౌనానికి నాకు మరింత భయం వేసింది.

ఆమెకి మంచినీళ్ళు తెద్దామని లోపలికి వెళితే, మంచం దగ్గర పాదానికి తడి తగిలింది. వెచ్చగా ఉంది. ఇందాక మంచం కింద నేను చూసిన బొంతల మూట వెనక నుంచి పారుతోంది. మూట బయటికి లాగాను. గోడకి అతుక్కుని తేజేష్ కూర్చున్నాడు, రెండు చేతులతో నోరు మూసుకుని. నిద్ర కూడా పోలేదు. మా కేకలన్నీ విన్నాడు, తల్లి పిలుపు కూడా విన్నాడు.

వాణ్ణి లాగి గుండెకి అదుముకున్నాను. హిమజ పరుగెత్తుకొచ్చి వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, పిలిస్తే ఎందుకు పలకలేదని అడిగింది.

"నువ్వు దొరకవు గద," అన్నాడు వాడు. "నేను గూడ దొరకలే."

హిమజ వాణ్ణి ఎత్తుకుంది. ఆ తర్వాత చాలాసేపు వాణ్ణి కింద దించలేదు.

మర్నాడు పొద్దున వాడి ముందు నేల మీద కూర్చుంది.

"అమ్మ పనికి పోతున్న బిడ్డ. నువ్వు పండుకొని లేసి, పాలు తాగినంక వస్త."

వాడు ఆమె చున్నీ పట్టుకున్నాడు. వేళ్ళు నేనే విడదీయాల్సొచ్చింది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుని నా భుజం కొరికాడు. హిమజ గేటు దగ్గర ఆగి, బెదిరిపోయి నా వైపు చూసింది. వెళ్ళమని చెయ్యి ఊపాను.

పిల్లల్ని ఊరుకోబెట్టే విద్యలు నాకు బోలెడు తెలుసు. ఒక్కటీ వాడలేదు. ఎత్తుకుని నిలబడ్డానంతే. వాడు అలా గొంతు చించుకుని ఏడుస్తున్నంతసేపూ నాకు భయం వేయలేదు.