ఓడెక్కే కాయ

అరటి గెల నుంచి కోసిన హస్తాలను సుమతి ఒక్కొక్కటిగా తొట్టిలోకి జారవిడుస్తోంది. ఇవతలి గట్టున దస్తగిరమ్మ మోచేతుల దాకా పటిక నీళ్ళలో చేతులు ముంచి వాటిని అందుకుంటోంది. కోసిన చోటు నుంచి పాలు కారి నీళ్ళలో తెల్లటి తీగల్లా సాగుతున్నాయి. ఆ పాలు కాయకంటితే నల్లమచ్చ పడుతుంది. చీరకంటితే ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. దస్తగిరమ్మ చీరలన్నిటికీ బొడ్డు దగ్గర అవే మరకలు.

కాయను కాయకు తగలనివ్వకుండా కడగాలి. తొడిమ దగ్గరే పట్టుకోవాలి. ఈరోజు కంటికి కనిపించని గీత సముద్రం దాటి కువైట్ చేరేసరికి కాటుక పెట్టినట్టు తేలుతుంది. అందుకని ఆమె గోళ్ళు ఎప్పుడూ చిగురు దాకా కత్తిరించుకుంటుంది. వేళ్ళ చివరలు నానిపోయి, తెల్లబడి, సందుల్లో పగిలి ఉంటాయి. రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుంటే మంట కాస్త తగ్గుతుంది, తెల్లారి నీళ్ళలో పెట్టగానే మళ్ళీ మొదలవుతుంది.

పులివెందుల నుంచి కదిరి పోయే దారిలో, ఊరు దాటగానే ఉంటుంది ఆ ప్యాకింగ్ షెడ్డు. పైన రేకులు. మే నెల ఎండకు రేకులు పొద్దున్నే చిటపటమంటున్నాయి. వెనక చల్లగది. దాని వాకిటికి ఆనించి కంటైనర్ లారీ నిలబడి ఉంది. సాయంత్రానికల్లా పెట్టెలన్నీ దాంట్లోకి ఎక్కి చెన్నై రేవుకు పోవాలి.

ఈరోజు అందరి తలలకూ నీలం టోపీలున్నాయి, చేతులకు తొడుగులున్నాయి. బెంగుళూరు ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. తొడుగుల్లోకి నీళ్ళు దిగి వేళ్ళు జారుతుంటే దస్తగిరమ్మ వాటిని తీసి గట్టు మీద పెట్టింది.

"ఏందక్కా, మొగమంతా చెమట్లు కారిపోతాండాయి," అంది సుమతి. "పోయి రోంతసేపు కూసోపో."

"గ్యాసు మే. పొద్దున్నుంచి ఈపులో పట్టేసినట్టుంది. వామునీళ్ళు తాగినాలే."

"వాళ్ళొచ్చేలోపల కూసోని లెయ్యి."

"నేను కూసోనుండంగా వాళ్ళొస్తే ఏమనుకుంటారు? నువ్వు కాయ వెయ్యి."

నొప్పి వీపులో మొదలై ఎడమ రెక్కలోకి దిగింది. తడిబట్టను పిండినట్టు పిండుతోంది. అయినా ఈరోజు కూర్చోకూడదని ఆమె పొద్దున ఇంటి తలుపు వేసేటప్పుడే అనుకుంది. బెంగుళూరు విమానాశ్రయం పక్కన కంపెనీ పెద్ద కేంద్రం కడుతోందనీ, ఈ కాపు అయిపోయాక ఈ షెడ్డు మూసేస్తారనీ సూపర్‌వైజరు ఫరూఖ్ పోయిన వారమే చెప్పాడు. కొందరిని అక్కడికి తీసుకుపోతారట. వచ్చేవాళ్ళు చూసి ఎంచుకుంటారట. ఆ మాట విని మిగతా ఆడవాళ్ళ మొహాలు వాడిపోయాయి. దస్తగిరమ్మకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె కూతురు యాస్మిన్ బెంగుళూరులోనే ఉంది. బయటి దేశాలకు పోయే చొక్కాలకు కాలర్లు కుట్టే ఫ్యాక్టరీలో పని.

దస్తగిరమ్మది జమ్మలమడుగు. దూదేకుల వాళ్ళ పిల్ల. నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద దూది పట్టి ఉండేది. పెళ్ళిళ్ళ కాలంలో తిండికి కూడా తీరిక ఉండేది కాదు. తర్వాత బెంగుళూరు నుంచి వ్యాన్లలో స్పాంజి పరుపులు వచ్చాయి. మైకు పెట్టి వీధి వీధికీ అమ్ముకుపోయారు. నాయన కొన్నాళ్ళు ఊళ్ళు తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు, ఆ తర్వాత తిరగడం మానేశాడు. ఇంట్లో దూది ఎగరకపోయినా పోయేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

ప్రొద్దుటూరులో ఇచ్చారు ఆమెను. మొగుడు మాబు జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తేవాడు. మాట తక్కువ మనిషి. పండగనాడు కూతురిని భుజాన ఎక్కించుకుని బంగారు అంగళ్ళ వీధంతా తిప్పి, అద్దాల్లో వెలిగే నగలు చూపించి తీసుకొచ్చేవాడు. మిల్లు మూతపడి, ఆ స్థలమంతా ప్లాట్లు వేశాక హైదరాబాదుకు కాంక్రీటు పనికి పోయాడు. నెలకోసారి ఫోను. ఒకరోజు ఫోనుకు బదులు వ్యాను వచ్చింది. ఎన్నో అంతస్తు నుంచి పడ్డాడో వ్యాను తోలుకొచ్చినవాడికి తెలియదు. శవాన్ని దించి, నీళ్ళు తాగి, వెళ్ళిపోయాడు.

పిల్లను వెంటబెట్టుకుని అప్పట్లో అక్క ఉన్న పులివెందులకు వచ్చేసింది దస్తగిరమ్మ. చీనీ తోటల్లో బత్తాయిలు కోసింది. బోర్లు ఎండి చీనీ చెట్లను నరికేస్తే ఆ కట్టెలు మోసింది. తర్వాత నీళ్ళున్నవాళ్ళు అరటి పెట్టారు, అరటి వెనకాలే ఈ షెడ్డు వచ్చింది. నాయనకూ మొగుడికీ చేతిలోంచి జారిపోయిన పని తనకు మాత్రం ఊరి దాకా నడిచి వచ్చిందనుకుంది. తను కడిగిన కాయ ఓడెక్కి పోతుందని ఫరూఖ్ చెప్పిన రోజు ఇంటికి పోయి యాస్మిన్‌కు చెప్పింది. పిల్ల నవ్వింది. తర్వాత ఆ పిల్లే బెంగుళూరు బస్సెక్కింది.

ఎండ నడినెత్తికి వచ్చాక రెండు కార్లు వచ్చాయి. ఫరూఖ్ పరుగున వచ్చి అందరినీ బయట కంటైనర్ ముందు వరుసగా నిలబెట్టాడు. ప్రొద్దుటూరు పిల్లవాడు, చొక్కా చంకల్లో తడిసిపోయి ఉంది. ఫొటోలు తీసే అతను వాళ్ళను అటు జరిపాడు, ఇటు జరిపాడు, ఎండ మొహం మీద పడేట్టు తిప్పాడు. దస్తగిరమ్మకు నేల కొంచెం వాలినట్టు అనిపించింది. పక్కనున్న సుమతి కొంగు పట్టుకుని నిలబడింది.

వచ్చినవాళ్ళలో పెద్ద అధికారి ఒక కళ్ళద్దాల అమ్మాయి. ముప్పై దాటి ఉండవు. మెత్తగా మాట్లాడుతుంది.

"మీ చేతుల వల్లే మన కాయకు గల్ఫ్‌లో ఇంత పేరు వచ్చింది," అంది. "ఇంకా పెరగాలంటే పెద్ద నగరం పక్కన ఉండాలి. విమానాశ్రయం, పరీక్షలు చేసే ల్యాబు, బ్యాంకు, కొనేవాళ్ళు అన్నీ అక్కడే ఉన్నాయి. కొత్త యంత్రాలు తయారుచేసేవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఆ కేంద్రం మొదలైతే వేలమందికి ఉద్యోగాలు వస్తాయి."

పెట్టెలెత్తే రామాంజులు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయితే ఈడ మేమేం జేయాల మేడం?"

"ఇక్కడ కాయ సేకరణ ఉంటుంది కదా."

"కోసి లారీకెత్తేదానికి ఎంతమంది కావాల? మిగిలినోళ్ళు యాడికి పోవాల?"

ఆమె ఫరూఖ్ వైపు చూసింది. "అందుకే కొందరిని మాతో తీసుకెళ్తున్నాం," అంది ఆమె.

వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరితో రెండు మాటలు మాట్లాడింది. దస్తగిరమ్మ ముందు ఆగింది.

"వయసెంతమ్మా?"

"నలబై."

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. టోపీ అంచు కింద నుంచి తెల్లవెంట్రుకలు చెమటకు నుదుటికి అంటుకుని ఉన్నాయి. ఆ అమ్మాయి ఆమె చేతుల వైపు చూసి, అరచెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఎంత పగిలాయో చూడండి. ఏదైనా మందు రాసుకోండమ్మా," అని ముందుకు కదిలింది. సుమతి దగ్గర ఆగి ఫరూఖ్‌కు తల ఊపింది.

కార్లు పోయాక రామాంజులు టోపీలూ తొడుగులూ తిరిగి సంచిలో వేసుకున్నాడు. అవి ఇంకో షెడ్డుకు పోవాలి.

"నేను యాడికీ పోను," అంది సుమతి, ఫరూఖ్ దగ్గరికి దస్తగిరమ్మను లాక్కుపోయి. "మా ఆయన గొర్రెలిడ్సిపెట్టి రాడు. నా బదులు అక్కను తీసుకోమని చెప్పబ్బా."

ఫరూఖ్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "సందకాడ ఫోన్ చేసి అడుగుతాలే అత్తా. మాట మాత్రం ఇయ్యలేను."

"మాటొద్దులే నాయనా. అడుగు సాలు."

అన్నాల వేళ ఆమె సంగటి ముద్ద విప్పింది గానీ తినబుద్ధి కాలేదు. గోడ నీడన కూర్చుని కూతురికి ఫోను కలిపింది.

"ఏందిమా, ఈ టైములో?"

"ఊరికేలే. బువ్వ తిన్యావా?"

"తింటాండా. బెల్లు కొడతారు, తొందరగా చెప్పు."

"మా కంపెనీ ఆడికే వస్తాందంట. ఇమానాలు దిగేకాడ. నన్ను గూడా తీసకపోతారేమో."

అవతల గిన్నెల చప్పుడు, ఆడపిల్లల మాటలు వినిపించాయి.

"ఆడికి మా రూము కాడి నుంచి రెండు బస్సులు మారాలమా. రూములో ఆరుమందిమి. నైటు డ్యూటీ వోళ్ళు లేస్తేనే మేము పండుకునేది. నిన్ను యాడ పండబెట్టాల?"

"వసారాలో పండుకుంటా."

"వసారా యాడుందిమా ఈడ?" గొంతు తగ్గించింది. "ఇంగోటి చెప్తా, ఎవరితో అనొద్దు. మా ఫ్యాక్టరీ గూడా ఎత్తేస్తారంటాండారు. ఈడ బాడుగలు శానా అయిపోయినాయంట. యాడికో దూరం పోతాదంట. రమ్మంటే పోవాల, ల్యాకుంటే ఇంటికి రావాల. నువ్వు ఆడనే ఉండుమా. నేను తిరిగొచ్చేదానికి ఒక ఇల్లన్నా ఉండాల గదా."

"సరేలేమ్మా. తిను. బెల్లు కొడతారు."

నొప్పి సంగతి చెబుదామనుకుంది. ఫోను అప్పటికే ఆగిపోయింది.

తిరిగి తొట్టి దగ్గరికి వచ్చి కాసేపు కడిగింది. ఎడమ చెయ్యి ఆమె చెప్పినట్టు వినడం లేదు. కాయ జారి నీళ్ళలో పడింది. నీళ్ళు మొహాన చిందాయి.

"ఫరూఖ్ యాడుండాడు?" అని అడిగింది.

"చల్లగది కాడ. ఏమక్కా?"

"అడగొద్దని చెప్పొస్తా."

సుమతికి ఏమీ అర్థం కాలేదు. అడిగేలోపే ఆమె చేతులు చీరకు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

చల్లగదిలో ఫరూఖ్ లేడు. తలుపు తోయగానే చలి గాలి చెమట మీద తగిలి ఒళ్ళు ఝల్లుమంది, తర్వాత హాయిగా అనిపించింది. పెట్టెల వరుసల మధ్య బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట మీద కూర్చుంది. ఒక్క నిమిషం కూర్చుని పోదామనుకుంది. ఎదురుగా పెట్టెల మీద అరటి బొమ్మ, దాని కింద అరబ్బీ అక్షరాలు. చిన్నప్పుడు జమ్మలమడుగు మసీదులో నేర్పినవి. అర్థాలు ఎవరూ చెప్పలేదు, అక్షరాలు మాత్రం నేర్పారు. అన్నేళ్ళుగా ఈ పెట్టెలు చూస్తున్నా కూర్చుని చదివే తీరిక ఎప్పుడూ దొరకలేదు. కుడి నుంచి మొదలుపెట్టింది. మీమ్. వావ్. జే. మూడే అక్షరాలు. కలిపి పలికి చూసింది, మౌజ్. అరటికాయను అక్కడివాళ్ళు ఏమంటారో మొదటిసారి తెలిసింది. ఈ మాట యాస్మిన్‌కు చెప్పాలనుకుంది. తల పక్కనున్న పెట్టెకు ఆనించింది.

పెట్టెలు తియ్యడానికి తోపుడు బండితో వచ్చిన రామాంజులు, "రోంత జరుగు దస్తగిరక్కా," అన్నాడు. రెండోసారి అన్నాడు. తర్వాత బండి వదిలేసి బయటికి వచ్చి అరిచాడు.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఫరూఖ్ దారి పొడుగునా ఆమె తలను ఒడిలో పట్టుకున్నాడు. డాక్టరు ఆమె కనురెప్పలు ఎత్తి చూసి, దుప్పటి మొహం మీదికి లాగాడు.

ఫరూఖ్ తిరిగి షెడ్డుకు వచ్చేసరికి బెంగుళూరు నుంచి ఫోను. కంటైనర్ ఇంకా ఎందుకు కదలలేదని. అతను జరిగింది చెప్పాడు. అవతలివాళ్ళు అయ్యో అన్నారు. నిజంగానే బాధపడ్డారు. ఆ తర్వాత ఓడ ఆగదు కదా అన్నారు.

"ఎత్తండి మామా," అన్నాడు ఫరూఖ్ రామాంజులుతో.

"మనిషి పోయి ఇంగా గంట గూడా కాలేదు గదప్పా."

"తెలుసు. ఆగితే కాయంతా పోతాది. ఎత్తండి." మొదటి పెట్టె తనే ఎత్తాడు.

రామాంజులు బండి తెచ్చాడు. సుమతి తొట్టిలో మిగిలిన కాయలన్నీ ఒక్కతే కడిగింది, ఏడుస్తూ కడిగింది. పొద్దు వాలుతుండగా కంటైనర్ తలుపులు మూసి సీలు వేశారు. లారీ ముద్దనూరు దారి పట్టింది.

యాస్మిన్ తెల్లారి బస్సుకు వచ్చింది. మగవాళ్ళు మట్టి చేసి వచ్చాక యాస్మిన్ సుమతి పక్కన కూర్చుని, "నొప్పని ఏమన్నా చెప్పిందా అక్కా?" అని అడిగింది.

"గ్యాసన్యాది."

"నాతో ఆ మాట గూడా అన్లేదు."

రెండు రోజులకు మించి సెలవు లేదన్నారు. తల్లి ఇంటికి తాళం వేసి తాళంచెవి సుమతికి ఇచ్చి, వచ్చిన బస్సుకే తిరిగి పోయింది.

ఆ తర్వాత కొన్ని రోజులు షెడ్డుకు కాయ రాలేదు. మళ్ళీ తెరిచిన రోజు తొట్లు కడుగుతూ సుమతి వెనక కిటికీ గూట్లో తడిగుడ్డ మూట ఒకటి చూసింది. గీతలు పడి పక్కకు తీసేసిన కాయల్లో మంచివి ఏరి దస్తగిరమ్మ అక్కడ దాచేది, బేస్తవారం బెంగుళూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి కూతురికి పంపేది. గుడ్డ ఎండి గట్టిపడింది. లోపలి హస్తం నిండా పండి, పసుపు మీద గోధుమరంగు చుక్కలు తేలి, ఒక పండు తొడిమ వదిలి గూట్లో పక్కకు ఒరిగి ఉంది.