చిల్లు పడ్డ శుక్రవారం

నేను ఒక పెయింటు బకెట్‌ని. ఇరవై లీటర్ల దాన్ని. కొత్తలో నా ఒంటి మీద ఓ కుటుంబం బొమ్మ ఉండేది. నలుగురూ గోడ వైపు చూసి తెగ నవ్వుతూ ఉండేవాళ్లు. గోడకి రంగేసినందుకే అంత నవ్వెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి కొట్టారు, నిమిషంలోపు బయటికి తోశారు. బారసాల లేదు, ఉయ్యాల లేదు. అడుగున ఒక బ్యాచ్ నంబర్ వేశారు, అదే పేరు అనుకోమన్నారు. పైడయ్య అనే పెయింటరు నన్ను కాకినాడలో ఓ చిన్న ఇంటికి తెచ్చి, గోడలకి లేత పసుపు రంగేసి, కడిగే ఓపిక లేక నన్ను అక్కడే వదిలేసి పోయాడు. మనుషులు మర్చిపోయిన వస్తువులకే నిజమైన ఉద్యోగాలు దొరుకుతాయని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

ఆ ఇల్లు సువార్తది. ఇంటికీ కాంపౌండు గోడకీ మధ్య నాలుగడుగుల సందు ఉంటుంది. అదే ఆవిడ తోట. అందులో ఒక్క పువ్వు పూయదు. ఎండ తగిలే చివర క్రోటన్లు, ఎండ లేకపోతే వాటికి ఆ ఎరుపూ పసుపూ రావు. మధ్యలో వెడల్పాటి ఆకుల అరేలియా. కుళాయి కింద తడిలో ఫెర్న్. అన్నీ కోసి పూల అలంకరణల్లో పెట్టడానికే.

"మొక్కలేసుకుని పువ్వులు లేకపోవడమేంటే, పెళ్లికెళ్లి భోజనం చెయ్యకుండా వచ్చినట్టు?" అని అత్తగారు రాహేలమ్మ రోజుకోసారి అనేది.

"ఆకులే భోజనం అత్తయ్యా. పూలు ఊరగాయ," అనేది సువార్త.

ఆవిడ పద్ధతి ఇది. సాయంత్రం ఎండ దిగాక కోసేది, ఒక్కో మొక్క నుంచి మూడో వంతు మించకుండా. కాడ చివర ఏటవాలుగా కోసి నాలో మెడ దాకా నీళ్లలో నించోబెట్టేది. రాత్రంతా నీళ్లు తాగిన ఆకు మర్నాడు ఎంతసేపున్నా తల వంచదు. ఆ తాగించే పని నాది. ఆ ఆకులన్నీ మా వీధి చివర చర్చికి వెళ్లేవి, ఆదివారం బల్ల మీద చిన్న కుండీలోకి.

అసలు కథ మా చర్చి పిల్ల బ్యూలా పెళ్లిది. ఆ పిల్ల సువార్త దగ్గరికొచ్చి, "అక్కా, నా పెళ్లికి ఆ ప్లాస్టిక్ పూలు మాత్రం వద్దక్కా. పన్నెండేళ్లుగా అందరి ఫొటోల్లోనూ అవే ఉన్నాయి. స్టేజీ నువ్వే చెయ్యి," అంది. ప్లాస్టిక్ పూలు చర్చి పెద్ద ఇమ్మానుయేలు గారి శాఖ. ఆయన వద్దనలేదు. గురువారం సాయంత్రం స్కూటర్ మీద వచ్చి, నాలో నిలబడ్డ ఆకుల్ని ఆస్పత్రిలో రోగిని చూసినట్టు చూశారు.

"బాగున్నాయండి. కానీ దేనికైనా మంచిదని మన పూలు సర్ఫ్‌లో నానబెట్టి ఉంచాను. ఆయ్."

బ్యాకప్ ఉంచుకోవడం తెలివే. కానీ నవ్వుతూ చెప్పే బ్యాకప్‌కి ఇంకో అర్థం ఉంటుంది. సువార్తకి అది తెలుసు. ఈసారి ఆకులు వాడిపోతే, ఇంకెప్పుడూ ఆవిణ్ణి ఎవరూ పిలవరు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పెళ్లి. పొద్దున్నే సువార్త పూలకి మార్కెట్‌కి వెళ్లింది. తొమ్మిదింటికి దోమల మేడమ్ వచ్చింది. శుక్రవారం శుక్రవారం మున్సిపాలిటీ నుంచి వచ్చి, దోమలు పెరుగుతాయి, మూతల్లేని నీళ్లు పారబోయమని చెప్పి, గోడ మీద సంతకం పెట్టి పోయే ఆవిడ. గుమ్మంలోంచే చెప్పి పక్కింటికి వెళ్లిపోయింది.

రాహేలమ్మ మాట జవదాటే మనిషి కాదు. నన్ను ఈడ్చుకెళ్లి రుబ్బురోలు మీదికి వంచింది. నా అడుగున టక్‌మంది. నీళ్లు పోయాయి. తర్వాత ఆకులు చేతిలోకి తీసుకుని, "శుభ్రంగా కడిగి పెట్టుకుంది పాపం, ఆరబెట్టడం మర్చిపోయింది," అనుకుంది. ఆదివారాలు ఆవిడ చూసేలోపే ఆకులు చర్చికి వెళ్లిపోయేవి. జీవితమంతా కరివేపాకు, మునగాకు కడిగి ఆరబెట్టి పొడి కొట్టిన మనిషి. కడిగిన ఆకు ఆరాలి, అంతే. మేడ మీద పాత చీర పరిచి, వడియాల పక్కన, ఒక ఆకు మీద ఇంకో ఆకు పడకుండా ఎంతో శ్రద్ధగా సర్దొచ్చింది.

పదకొండింటికి సువార్త వచ్చింది. బోర్లా పడున్న నన్ను చూసింది.

"అత్తయ్యా, ఆకులేవి?"

"మేడ మీద. ఈపాటికి తడి ఆరుంటాయి."

తర్వాత మెట్ల మీద పరుగు చప్పుడు. చీర మూట కట్టి కిందికి తెచ్చింది. ఫెర్న్ చుట్టుకుపోయింది. అరేలియా, క్రోటన్లు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. మళ్లీ కోద్దామంటే, స్టేజీ కోసమని ఈసారి మూడో వంతు లెక్క కూడా వదిలేసి కోసింది, సందులో మోడులే మిగిలాయి.

నన్ను నిలబెట్టి గబగబా నీళ్లు పోసింది. ఎంత పోసిందో అంతా అడుగునించి పోయింది. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు. ఒక బకెట్‌కి ఉండేదే ఒక్క పని.

"మొత్తం మునగాలి అత్తయ్యా. కాడలే కాదు, ఆకులు కూడా. అంత పెద్ద గిన్నె మనకెక్కడుంది?" అంటూ కింద కూలబడింది.

రాహేలమ్మ లోపలికెళ్లింది. ఇత్తడి గంగాళం దొర్లించుకుంటూ వచ్చింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. క్రిస్మస్‌కి చింతపండుతో తానే తోమడం తప్ప, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కోడలికైతే పదిహేనేళ్లుగా దూరం నుంచి చూడ్డమే.

"ఇందులో ముంచు. చూస్తావేంటి, కాడలు కొయ్యి. నేను నీళ్లు పడతాను."

సువార్త ప్రతి కాడనీ నీళ్లలోనే మళ్లీ కోసింది. ఆకులు తేలకుండా పైన పళ్లెం బోర్లించారు. ఇద్దరూ గంగాళానికి చెరో పక్కా కూర్చున్నారు, అన్నం కూడా తినకుండా. రెండింటికి రాహేలమ్మ పళ్లెం ఎత్తి, ఒక అరేలియా ఆకుని బుగ్గకి ఆనించుకుంది.

"గట్టిపడిందే! అప్పడంలా ఉంది!"

ఫెర్న్ తిరిగి రాలేదు. మిగతావన్నీ వచ్చాయి. ఆటోలో గంగాళంతో సహా వెళ్లిపోయారు.

నేను పెరట్లో ఉండిపోయాను. పాత సామాన్ల రిక్షా మైకు వీధి మలుపులో వినిపించింది. ప్లాస్టిక్ ఇస్తే ఉల్లిపాయలిస్తాడు. నా బరువుకి అరకిలో రావచ్చు. కానీ నా గురించి కన్నా ఆ స్టేజీ గురించే ఎక్కువ ఆలోచించాను, నమ్మండి.

ఏడింటికి గేటు చప్పుడైంది. ముందు వినిపించింది నవ్వు. నా కుటుంబం బొమ్మ లాంటి నవ్వు కాదు, కారణం ఉన్న నవ్వు.

"పాస్టరమ్మ గారు ఏమన్నారో విన్నారా అత్తయ్యా? 'ఇంత మెరుస్తున్నాయి, ఇవి ప్లాస్టిక్‌వా?' అని ఇమ్మానుయేలు గారినే అడిగారు!"

"ఆయన మొహం చూశావా? కాదండీ అని చెప్పలేక చెప్పలేక చెప్పాడు. సర్ఫ్ నీళ్లు ఇంకా పారబోయలేదంట. దోమల మేడమ్‌కి చెప్పనా?"

మర్నాడు రిక్షా మా గుమ్మంలోకే వచ్చింది. "పగిలిన బకెట్టు ఉందాండీ?" అన్నాడు రిక్షా అతను.

"లేదు. దానికి పనుంది," అంది రాహేలమ్మ.

పొయ్యిలో చువ్వ కాల్చి నా అడుగున ఇంకో నాలుగు చిల్లులు ఆవిడే పెట్టింది. కొంచెం మండింది, ఒప్పుకుంటాను. మట్టీ పేడా వేసి, గంగాళంలో మిగిలిపోయిన ఒక క్రోటన్ కాడని గుచ్చింది. ఇన్నాళ్లూ కోసిన ఆకుల్ని ఒక్క రాత్రి మోసేదాన్ని. ఇప్పుడు నాలో ఏవో సన్నగా అటూ ఇటూ తడుముకుంటున్నాయి. వేర్లనుకుంటా.

మొన్న శుక్రవారం దోమల మేడమ్ వచ్చి నాలోకి తొంగి చూసింది. ఒక్క చుక్క నీళ్లు నిలవ లేదు. ఉన్నదల్లా ఒక కొత్త చిగురు, గోరంత, ఎర్రగా. తల ఊపి, గోడ మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది.