పసుపు రాసిన డ్రమ్ము

ముసలి గురువులు గరాటాకి గుడ్డ కట్టి, అప్పాయమ్మ మూకుట్లో మిగిలిన నూనెని డ్రమ్ములోకి వంచుతున్నాడు. నల్లటి నూనె. మాడిన పునుగుల పొడి గుడ్డ మీద నిలిచిపోతోంది. వలలు లాగి లాగి వంకర తిరిగిన వేళ్లు అతనివి. గోళ్లలో చేరిన జిడ్డు సబ్బుకి కూడా వదలదు.

అప్పాయమ్మ పునుగుల బండి వెనకనుంచి నవ్వింది. "ఏటి మావా, డ్రమ్ముకి పసుపు రాసినావు? పెళ్లి సేత్తన్నావేటి దానికి?"

"రాత్రి కడిగినాను. కుంకుడుకాయేసి. ఇమానానికెల్లే సరుకే. మైలతో పంపుతామేటి?"

ఆమె మరి నవ్వలేదు. ఆ జాలరిపేటలో పసుపు రాయకుండా కొత్త బోటు నీళ్లలోకి దిగదు. తుఫాను వచ్చిన ఏడాది గురువులు తమ్ముడు పైడయ్య అలా దిగిన బోటులోనే వెళ్లి తిరిగి రాలేదు. నేవీ విమానం ఒకటి సముద్రమంతా గాలించింది. దొరకలేదు. కానీ వెతికింది. అది చాలు గురువులుకి.

మిలట్రీ విమానాల్లో పోసే ఇంధనంలో, వాడేసిన వంటనూనెతో చేసిన ఇంధనం కూడా కలపాలని రూలొచ్చిందని పాతనూనె కొనే డిపోలో చెప్పారు. చేపల వేట మానేసిన ముసలాడు ఆ రోజునుంచి మళ్లీ తెల్లారకుండా లేస్తున్నాడు.

ఎండెక్కాక డ్రమ్ముని రిక్షా మీదేసి తొక్కుకుంటూ డిపో చేరాడు. తనిఖీ చేసే ఉమామహేష్ డ్రమ్ము అడుగుదాకా గాజు గొట్టం దించి, పైకి తీసి చూశాడు.

"తాతా, అడుగున నీళ్లున్నాయి. కల్తీ చేసినావా?"

"కల్తీ కాదు బాబూ. కడిగినాను."

"ఎవరు కడగమన్నారు నిన్ను? నీళ్లు తగిలితే పేరు కొట్టేయమని రూలు. ఇంక నీ బండి రాకూడదు."

"ఈపాలికి ఒగ్గీ బాబూ. మరి కడగను."

ఉమామహేష్ మొహం తిప్పుకున్నాడు. "నా చేతిలో ఏం లేదు తాతా."

తమ్ముడి సంగతి చెప్పవచ్చు. గురువులు చెప్పలేదు. డ్రమ్ము మూత సరిగా బిగించకుండానే బండి తిప్పాడు.

పేట చేరి, ఇసక అంచున రిక్షా ఆపి, చక్రానికి చేరబడి కూచున్నాడు. నెత్తిమీదనుంచి విమానం పోయింది. ఎప్పుడూ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఇవాళ చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

పొద్దుగూకే ముందు అప్పాయమ్మ పొయ్యి వెలిగించి కేకేసింది. "మావా, టీ తాగుతావా?"

పలకలేదు. వచ్చి భుజం తట్టింది. పక్కకి ఒరిగిపోయాడు.

పేట మగాళ్లు వచ్చి అతన్ని మోసుకుపోయారు. రిక్షా మీద డ్రమ్ము ఉండిపోయింది. వదులు మూత కిందనుంచి ఊరిన నూనె చుక్క ఒకటి, డ్రమ్ము మీద పడిన అతని అరచేతి పసుపు అచ్చు మీదికి జారి, వేళ్ల దగ్గర ఆగింది.